బెలూను మీద భూగోళం: బరంపురం బైండింగు దుకాణం పద్ధతి

బడుల్లో ప్రదర్శనల రోజులు దగ్గరపడితే ఒడిశాలోని బరంపురంలో మా బైండింగు దుకాణానికి ఒక రకం గిరాకీ వస్తుంది. సాయంత్రం ఏడు దాటాక ఒక తండ్రి, వెనుక స్కూలు బట్టల్లోనే ఒక పిల్ల. "గ్లోబు చేయాలట, థర్మాకోల్ బంతి ఉందా?" అని అడుగుతారు. ఉండదు. ఉన్నా ఇవ్వాలనిపించదు. పాత కాగితాలు, మైదా, గుప్పెడు చింతపిక్కలు, ఒక బెలూను ఉంటే ఇంట్లోనే గట్టి గోళం తయారవుతుంది. కాకపోతే పది రోజులు పడుతుంది. రేపు ఉదయానికే కావాలనుకునేవారికి ఈ పద్ధతి పనికిరాదు.

దీన్ని పేపర్ మాషే అంటారు. పేరు కొత్తగా వినిపించినా పని మన ఇళ్లకు తెలిసినదే. చిరిగిన కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, చేటలకూ తట్టలకూ పూసిన అమ్మమ్మలు మనందరికీ ఉన్నారు. పురీ దగ్గరి రఘురాజ్‌పూర్‌లో ఇదే కాగితంతో ముఖతొడుగులు చేసి రంగులు వేస్తారు. మనం గుజ్జు కాకుండా కాగితపు పేలికలు వాడతాం. గుండ్రటి వస్తువుకు పేలికలే మేలు. గుజ్జు ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా కూర్చుని, ఆరేటప్పుడు గోళాన్ని వంకర చేస్తుంది.

ముందు కొలత

బెలూనును నిండా ఊదకండి. పన్నెండంగుళాల బెలూనును దాని హద్దు వరకూ ఊదితే బేరిపండులా కిందికి సాగుతుంది. పద్దెనిమిది అంగుళాలది కొని, అడుగు వ్యాసం వచ్చేవరకు మాత్రమే ఊదితే చక్కగా గుండ్రంగా ఉంటుంది. దర్జీ టేపు తీసుకుని నడుము చుట్టూ ఒకసారి, ముడి మీదుగా నిలువుగా ఒకసారి కొలవండి. రెండూ 93 సెంటీమీటర్లకు దగ్గరగా ఉండాలి. పైన కాగితం, పూత పడ్డాక అది 94 అవుతుంది. అంటే వ్యాసం 30 సెంటీమీటర్లు.

ఈ 30 మీద నాకు ప్రత్యేకమైన మక్కువ ఉంది. భూమి సగటు వ్యాసం 12,742 కిలోమీటర్లు. దాన్ని 30 సెంటీమీటర్లలోకి కుదిస్తే ఒక సెంటీమీటరుకు సుమారు 425 కిలోమీటర్లు, ఒక మిల్లీమీటరుకు 42 కిలోమీటర్లు వస్తాయి. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ముందు ముందు ప్రతి సందేహానికీ జవాబు దొరుకుతుంది. ఉదాహరణకు, భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుందని పిల్లలు చదువుకుని, బెలూనును పైనుంచి అదమబోతారు. నిజానికి ఆ తేడా 43 కిలోమీటర్లు, మన గోళం మీద ఒక మిల్లీమీటరు. మీ బెలూను వంకరే దానికంటే పదింతలు ఉంటుంది, కాబట్టి నొక్కవద్దని చెప్పండి.

పెద్ద బెలూను దొరకకపోతే గాలి ఊదే ప్లాస్టిక్ బంతి వాడవచ్చు. గాలి తీసేసి బయటికి లాగేయవచ్చు. పగిలిన బెలూను ముక్కలను మాత్రం పసిపిల్లలకు అందనివ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

జిగురు

సీసాలో దొరికే తెల్ల జిగురు ఈ పనికి డబ్బు దండగ. ఒక గిన్నెడు మైదాను ఒక గిన్నెడు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. వేరే పాత్రలో నాలుగు గిన్నెల నీళ్లు మరిగించి, కలిపిన మైదాను సన్నగా పోస్తూ తిప్పండి. తెల్లగా ఉన్నది పారదర్శకంగా మారి, గరిటె వెనుక పలుచటి పొరగా నిలిస్తే దించేయవచ్చు. చల్లారాక ఇంకాస్త చిక్కబడుతుంది. రెండు రోజులకు సరిపడా మాత్రమే కాచుకోండి, మూడో రోజుకు పులుస్తుంది.

మా వృత్తిలో బొద్దింకలు, చెదలు పట్టకుండా ఈ జిగురులో మైలుతుత్తం వేసే అలవాటు ఉంది. అది విషం. పిల్లలు చేతులు ముంచే గిన్నెలో వేయకూడదు. గోళం లోపలి దాకా ఎండి, పైన వార్నిష్ పడితే పురుగు బెడద చాలావరకు ఉండదు.

రెండు భాషల పొరలు

కాగితాన్ని కత్తెరతో కత్తిరించకండి, చించండి. చించిన అంచు నూగులా ఉండి పక్కదానిలో కలిసిపోతుంది. కత్తిరించిన అంచు మెట్టులా పైకి తేలి, రంగు వేశాక కూడా కనబడుతుంది. దినపత్రికను పైనుంచి కిందికి చించి చూడండి, గీత గీసినట్టు వస్తుంది. అడ్డంగా చించితే తన ఇష్టం వచ్చిన దారిలో పోతుంది. కాగితంలో నార నిలువుగా పరుచుకుని ఉంటుంది కాబట్టే అలా జరుగుతుంది. రెండు వేళ్ల వెడల్పు, జానెడు కంటే తక్కువ పొడవు ఉన్న పేలికలు చాలు.

ఇప్పుడు మా వైపువాళ్లకు మాత్రమే చేతికి అందే ఒక సదుపాయం చెబుతాను. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగు ఇళ్లకు తెలుగు పత్రిక వస్తుంది, పక్కింటికి ఒడియా పత్రిక వస్తుంది. రెండూ సేకరించండి. మొదటి పొర పూర్తిగా తెలుగు కాగితం, రెండోది పూర్తిగా ఒడియా, మూడోది మళ్లీ తెలుగు. ఎక్కడ పొర పూర్తయిందో, ఎక్కడ ఖాళీ మిగిలిందో చూడగానే తెలుస్తుంది. తెలుగు అక్షరానికి తలకట్టు, ఒడియా అక్షరానికి గొడుగు. చదవడం రాని పిల్లకు కూడా తేడా కనిపిస్తుంది. ఒకే పత్రికతో చేసేవాళ్లు ఎన్ని పొరలు వేశారో మరచిపోయి, ఒకవైపు పది, మరోవైపు నాలుగు వేస్తారు. ఆ నాలుగు పొరల చోటే తరువాత గుంట పడుతుంది.

బెలూనును కుండ కింద పెట్టే కుదురు మీద కూర్చోబెట్టండి, దొర్లదు. కుదురు లేకపోతే పాత చీరను చుట్టగా చుట్టినా సరే. మొదటి పొరను జిగురుతో కాకుండా వట్టి నీళ్లతో తడిపి అంటించండి, అప్పుడు బెలూను తరువాత సులువుగా ఊడుతుంది. రెండో పొర నుంచి జిగురు. పేలికను జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య లాగి, ఎక్కువైనది గిన్నెలోకే పిండేయండి. జిగురు ఎక్కువైతే బలం పెరగదు, ఆరడం ఆలస్యమవుతుంది, అంతే. ఒక పొర నిలువుగా వేస్తే తరువాతిది అడ్డంగా వేయాలి. ముడి చుట్టూ రూపాయి బిళ్లంత చోటు వదిలేయండి.

రోజుకు రెండు పొరలు దాటవద్దు. మొత్తం ఎనిమిది. ఆ తరువాత రాసిన నోటు పుస్తకాల తెల్ల కాగితాన్ని చిన్న చిన్న ముక్కలుగా చించి తొమ్మిదో పొర వేస్తే, రంగు కింద నల్ల అక్షరాలు తొంగిచూడవు.

ఆరబెట్టడం, అసలు పరీక్ష

బరంపురం అంటే అప్పడాలు, పచ్చళ్లు. ఏది తడిగా ఉన్నా మేడ మీద ఎండలో పెట్టడం మా ఊరి రక్తంలో ఉంది. గోళాన్ని అలా పెట్టకండి. ఎండకు లోపలి గాలి వ్యాకోచిస్తుంది, బెలూను ఉబ్బుతుంది, సగం ఆరిన కాగితం పగుళ్లు వేస్తుంది. రాత్రి చల్లబడితే బెలూను ముడుచుకుని, తడి పెంకును లోపలికి లాగుతుంది. ముడికి దారం కట్టి, గాలి ఆడే నీడలో, ఫ్యాను కింద వేలాడదీయండి. గోపాలపూర్ వైపునుంచి వచ్చే సముద్రపు తేమ వల్ల ఇక్కడ ప్రతి రెండు పొరలకు ఒక పూర్తి రోజు కావాలి. వానాకాలమైతే రెండు రోజులు. జయపురం, కొరాపుట్ ఎత్తుల్లో ఉండేవారికి చలికాలపు పొడిగాలి ఉంటుంది కాబట్టి ఈ పని అక్కడ ఇంకా తేలిక.

నా మొదటి గోళం ఒక ఆషాఢంలో చేశాను. పైకి పొడిగా ఉందని రెండో రోజే సూది గుచ్చాను. బెలూను పోయిన మరుక్షణం దక్షిణార్ధగోళం మెల్లగా లోపలికి కూరుకుపోయింది. మా అమ్మాయి చూసి, "నాన్నా, అంటార్కిటికా ఎక్కడికి పోయింది?" అంది. అప్పటినుంచి కంటిని నమ్మను, వేలిని నమ్ముతాను. వేలి కణుపుతో తట్టితే కాలిన కుండలా టక్‌మని మోగాలి. మెత్తగా డబ్‌మంటే లోపల తడి ఉన్నట్టే. చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు.

టక్‌మంటే, ముడి దగ్గర చిన్న రంధ్రం చేసి గాలిని మెల్లగా వదలండి. బెలూను పెంకునుంచి ఊడుతున్న చప్పుడు లోపలినుంచి చిటపటమని వినిపిస్తుంది. పిల్లలకు ఈ పని మొత్తంలో ఎక్కువ నచ్చేది ఈ ఒక్క నిమిషమే.

ముడి ఉన్న కన్నమే దక్షిణ ధ్రువం. దానికి సరిగ్గా ఎదుటి చోటు ఉత్తర ధ్రువం. అది ఊహతో పెట్టవద్దు. కన్నం మధ్యనుంచి నాలుగు దిక్కులకూ టేపుతో 47 సెంటీమీటర్లు కొలిస్తే, నాలుగు గుర్తులూ ఎక్కడ కలుస్తాయో అదే. అక్కడ పెన్సిలు మందాన రంధ్రం చేయండి, కట్టరు పని పెద్దలది. పెన్సిలంత లావు వెదురు పుల్ల తీసుకుని, దాని చుట్టూ మందపాటి కాగితాన్ని వదులుగా చుట్టి గొట్టం చేయండి. ఆ గొట్టాన్ని ధ్రువం నుంచి ధ్రువానికి దూర్చి, రెండు చివరలా పేలికలతో పెంకుకు అతికించి, మిగిలిన కన్నం మూసేయండి. పుల్ల గొట్టంలో తిరుగుతుంది కాబట్టి గోళమూ తిరుగుతుంది.

చింతపిక్కల పూత

నునుపు కోసం గోడలకు పూసే పుట్టీ వాడేవారున్నారు. బరువెక్కుతుంది, పెళుసుగా రాలుతుంది. ఒడిశా చిత్రకారులు పటచిత్రం బట్టకు, గుండ్రటి గంజపా పేకముక్కలకు తరతరాలుగా వాడుతున్నది చింతపిక్కల జిగురు, సుద్ద పొడి. మనకూ అదే సరి. చింతపిక్కలను దోరగా వేయించి, దంచి తోలు తీసి, రెండు రోజులు నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నసెగ మీద గంజిలా ఉడికించండి. వడగట్టి, సుద్ద పొడి కలపండి. దోసెపిండికి కాస్త పలుచగా ఉండాలి. వెడల్పు కుంచెతో మూడు పూతలు, ఒకటి ఆరాకే మరొకటి.

తరువాత వడ్రంగులు వాడే ఉప్పు కాగితంతో రుద్దండి. మొదట 120 నంబరు, ఆ తరువాత 220. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. గుంటలు కనిపించాలంటే చీకటి గదిలో పక్కనుంచి టార్చి వేసి చూడండి, పగటి వెలుగులో దాక్కున్నవన్నీ నీడలుగా బయటపడతాయి.

గీతలు

ఇక్కడే చాలామంది తొందరపడి నేరుగా దేశాలు గీయడం మొదలుపెడతారు. ఆఫ్రికా అందంగా వస్తుంది, ఆ తరువాత ఆసియాకు చోటు చాలదు.

ఒక పొడవాటి కాగితపు పట్టీని గోళం నడుము చుట్టూ కట్టి, కలిసినచోట కత్తిరించండి. దాన్ని తీసి సగానికి మడవండి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి, చివర మూడుగా. విప్పితే 24 సమాన భాగాలు. మీ గోళం చుట్టుకొలత 94 అయినా 95 అయినా లెక్క తప్పదు, అందుకే స్కేలు కంటే మడతే నమ్మకమైనది. ఒక్కో భాగం 15 డిగ్రీలు, భూమి తిరుగుడులో ఒక గంట. పట్టీని మళ్లీ నడుముకు చుట్టి గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు మీదుగా ధ్రువం నుంచి ధ్రువానికి సన్నని అట్ట పట్టీ ఆనించి పెన్సిలుతో గీయండి. ఇవి రేఖాంశాలు.

అక్షాంశాలకు మా దుకాణపు ఉపాయం ఒకటుంది. వెదురు పుల్లను ఇసుక డబ్బాలో నిలువుగా గుచ్చండి. పక్కన పుస్తకాల దొంతర పెట్టి, దాని మీద పెన్సిలును మొన గోళానికి తగిలేలా పడుకోబెట్టండి. పెన్సిలును కదలనివ్వకుండా గోళాన్ని తిప్పితే గీత దానంతటదే పడుతుంది. మొదట భూమధ్య రేఖ. అక్కడినుంచి గోళం ఒంపు వెంట టేపుతో 3.9 సెంటీమీటర్లకొకటి గుర్తు పెట్టి, ఆ ఎత్తుకు పుస్తకాలు చేర్చండి. అవి 15 డిగ్రీల గీతలు. కర్కట, మకర రేఖలు భూమధ్య రేఖకు 6.1 సెంటీమీటర్ల దూరంలో, ధ్రువ వృత్తాలు 17.4 దగ్గర వస్తాయి.

దేశాలు

బడి అట్లాసు ముందు పెట్టుకుని గడిగడికీ చూసి గీయండి. ఒక గడిలో తీరం ఎక్కడ ప్రవేశించి ఎక్కడ బయటికి పోతుందో చూస్తే చాలు. కన్యాకుమారి భూమధ్య రేఖకు 2.1 సెంటీమీటర్లు పైన ఉండాలి. సున్నా రేఖాంశం, సున్నా అక్షాంశం కలిసే చోటు ఆఫ్రికా పక్కన సముద్రంలో పడాలి. ఈ రెండూ కుదిరితే మిగతావి దారిలోకి వస్తాయి.

గోడ పటం చూసి మాత్రం ఆకారాలు దించవద్దు. చాలా గోడ పటాల్లో ఉత్తరానికి పోయేకొద్దీ నేల ఉబ్బిపోతుంది, గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో పోటీపడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. మన గోళం మీద ఒక చదరపు సెంటీమీటరు అంటే దాదాపు 1,80,000 చదరపు కిలోమీటర్లు. ఆ లెక్కన గ్రీన్‌లాండ్ 12 చదరపు సెంటీమీటర్లు, భారతదేశం 18, ఆఫ్రికా 168. చిన్న గళ్ల కాగితం మీద పెట్టి మీ బొమ్మలను లెక్కచూసుకోండి. ఒడిశా ఒకటికి కాస్త తక్కువ, అంటే చిటికెన వేలి గోరంత. ఆంధ్రప్రదేశ్ మరో గోరంత.

పర్లాకిమిడి పిల్లలు ఒకసారి తమ ఊరికీ, ఆంధ్ర వైపున్న పాతపట్నానికీ మధ్య సరిహద్దు గీత గీస్తామని పట్టుబట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పటినుంచి పెద్దల మాటల్లో నలుగుతున్న గీత కదా, పిల్లలకూ దాని మీద ఆసక్తి ఉంటుంది. కానీ గోళం మీద ఆ రెండు ఊళ్లూ ఒకే చుక్క కింద దాక్కుంటాయి. బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి ఉన్న పాతిక కిలోమీటర్లు కూడా అర మిల్లీమీటరు పైచిలుకు. మీ దగ్గరున్న అతి సన్నని కుంచె గీత దానికంటే లావు.

మన ప్రాంతానికి పనికొచ్చే గీత మరొకటి ఉంది, దాన్ని ఎర్రరంగుతో వేయండి. తూర్పు రేఖాంశాల్లో 75, 90లకు సరిగ్గా మధ్యన 82.5 డిగ్రీల గీత. మన గడియారాలన్నీ నడిచేది దాని లెక్క మీదే. అది కొరాపుట్ జిల్లాలోని జయపురం పక్కగా పోతుంది. బరంపురం దానికి తూర్పున దాదాపు ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అందువల్ల సూర్యుడు మా ఊరి నడినెత్తికి జయపురం కంటే తొమ్మిది నిమిషాలు ముందే వస్తాడు.

హిమాలయాలను గుజ్జుతో ఎత్తుగా పెట్టాలని అందరికీ సరదా. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు, మన కొలతలో 0.2 మిల్లీమీటరు, రెండు మూడు పత్రిక కాగితాల మందం. మీరు వేలెడు ఎత్తు గుట్ట పెడితే అది ఆకాశంలో చాలా ఉపగ్రహాలను కూడా దాటిపోతుంది. నేనైతే గోధుమ రంగు పూసి ఊరుకుంటాను.

రంగు, పీఠం

ముందు నేలలు, ఆ తరువాత సముద్రం. అక్రిలిక్ రంగులు వాడండి. పోస్టరు రంగు తడి తగిలితే కరిగి, వార్నిష్ కుంచెతోపాటు నీలం ఎడారిలోకి పాకుతుంది. ఊళ్ల పేర్లు గోళం మీద నేరుగా రాయడం కష్టం. పలుచటి కాగితం మీద తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి రాసి, చీటీలుగా కత్తిరించి అతికించండి. కింద ధ్రువం దగ్గర రంగు వేసే పిల్ల ఎలాగూ ఒకటి అడుగుతుంది, అక్కడివాళ్లు కిందికి పడిపోరా అని. కడిమి పువ్వు చూపించండి. పువ్వు బంతికి అన్ని వైపులా రేకులు నిండినట్టు భూమి చుట్టూ ప్రాణులు ఉన్నాయని ఆర్యభటుడు చెప్పిన పోలిక అది. వానల్లో పూస్తుంది, చెట్టు దగ్గరలో ఉంటే ఒకటి కోసుకురండి.

పీఠానికి అడుగు చదరపు చెక్క పలక, మధ్యలో వాలుగా రంధ్రం. వాలు 23.5 డిగ్రీలు. కోణమాపకం లేకపోతే, పది సెంటీమీటర్లు పైకి పోయేసరికి 4.3 సెంటీమీటర్లు పక్కకు వచ్చేలా ఒక అట్ట త్రికోణం కత్తిరించి వడ్రంగికి ఇవ్వండి, ఆయన దాన్ని చూసి రంధ్రం వేస్తాడు. పలక చిన్నదైతే గోళం బరువుకు ఒరిగిపోతుంది. గోళం కిందికి జారకుండా పుల్లకు నూలు దారం బిగించి చుట్టి జిగురు పూయండి. చివరగా రెండు పూతల వార్నిష్.

బడికి తీసుకువెళ్లేటప్పుడు గోళాన్ని పుల్లనుంచి తీసేయండి. ఆటోలో వాలుగా నిలబెట్టిన గ్లోబు మొదటి గుంతకే పలకనుంచి ఊడివస్తుంది. ఒక బకెట్టు అడుగున కుదురు వేసి, దాని మీద గోళం, చుట్టూ పాత తువ్వాలు కుక్కి పట్టుకెళ్లండి. చిన్న సీసాలో కొంచెం నీలం, ఒక కుంచె వెంట ఉంచుకుంటే మంచిది, దారిలో ఎక్కడో ఒకచోట పసిఫిక్ గీచుకుపోతుంది.